దూర ప్రయాణానికి ముందు ఆవిడ మాత్రల డబ్బా చూడండి

జగ్గయ్యపేట నుంచి ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆయనకు డెబ్బై ఒకటి, శ్రీమతికి అరవై ఆరు. పెద్దబ్బాయి బెంగుళూరులోనూ, అమ్మాయి పూణేలోనూ, చిన్నబ్బాయి నాగపూరులోనూ ఉంటున్నారు. ముగ్గురి ఇళ్ళలో వారం పదేసి రోజులు గడిపి, నాగపూరు నుంచి కాశీ వెళ్ళి, తిరిగి హైదరాబాదు మీదుగా ఇల్లు చేరాలని సంకల్పం. రైలు టిక్కెట్ల బెడద లేకుండా, లోపలే మంచాలు, వంటగట్టు, చిన్న మరుగుదొడ్డి ఉండే క్యారవాన్ బండిని డ్రైవరుతో సహా అద్దెకు మాట్లాడుకుంటున్నారట. అమెరికా వెళ్ళినప్పుడు బంధువుల అబ్బాయి అటువంటి బండిలోనే నాలుగు రోజులు తిప్పాడనీ, అప్పటినుంచీ ఆ కోరిక ఉండిపోయిందనీ రాశారు. వేసవి సెలవుల్లో బయలుదేరాలనుకుంటున్నారు.

ఉత్తరంలో మూడున్నర పేజీలు ఆయన రక్తపుపోటు, ఆయన షుగరు, రాత్రిపూట తీసుకునే ఇన్సులిన్, కిందటేడు తీయించిన ఇ.సి.జి. గురించే. చిట్టచివర ఒక్క ముక్క: "మా ఆవిడకు చెప్పుకోదగిన జబ్బులేవీ లేవు. బి.పి.కి ఒక బిళ్ళ, మోకాళ్ళ నొప్పులకు అప్పుడప్పుడూ ఒక బిళ్ళ వేసుకుంటుంది. దారిలో వంట తానే చూసుకుంటానంటోంది కనుక తిండికి ఇబ్బంది ఉండదు."

మాస్టారూ, మీరు నిక్షేపంగా వెళ్ళవచ్చు. మీ షుగరు, పోటు అదుపులో ఉన్నాయి, రోజూ గంటసేపు నడుస్తున్నారు, ఇ.సి.జి. బాగుంది. కానీ నాలుగు వేల కిలోమీటర్ల పైబడిన ఈ ప్రయాణంలో నాకు దిగులు కలిగిస్తున్నది మీరు కాదు, ఆవిడ. "చెప్పుకోదగిన జబ్బులేవీ లేవు" అన్నారు చూడండి, అక్కడే ఆగిపోయాను.

ఆవిడ వేసుకునే బి.పి. బిళ్ళ అట్టను ఒకసారి కళ్ళజోడు పెట్టుకుని చదవండి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి మందు ఉండి, దానితోబాటు హైడ్రోక్లోరోథయజైడ్ అని గాని, క్లోర్‌థాలిడోన్ అని గాని రాసి ఉందేమో చూడండి. కంపెనీ పేరు చివర హెచ్ అనో, సి.టి. అనో అక్షరాలుంటే చాలావరకు అదే. ఆ రెండోది నీటి బిళ్ళ. ఒంట్లోని ఉప్పునూ నీటినీ మూత్రంలోకి పంపించి పోటు తగ్గిస్తుంది. మంచి మందే, ఎందరినో పక్షవాతం నుంచి కాపాడుతున్నది. కానీ ఆ ఒక్క బిళ్ళలో రెండు మందులున్నాయన్న సంగతి వేసుకునేవారికి తరచు తెలియదు. ఇక మోకాళ్ళ బిళ్ళ డైక్లోఫినాకో, అసిక్లోఫినాకో, ఐబుప్రొఫెనో, ఎటోరికాక్సిబో అయి ఉంటుంది.

ఈ మూడు మందులూ ఒంట్లో ఉండగా మనిషి నీళ్ళు తాగడం మానేస్తే ఏమవుతుందో చెబుతాను. సాగరు ఎడమ కాలువ కింద వ్యవసాయం చూసినవారికి ఇది సులువుగానే బోధపడుతుంది. కాలువలో నీరు తగ్గినప్పుడు మడిలో మట్టం నిలవాలంటే ఏం చేస్తారు? పైతూము బాగా తెరుస్తారు, కిందితూము సగం మూస్తారు. మూత్రపిండం లోపలి వడపోత గుత్తులు సరిగ్గా ఆ పనే చేస్తాయి. ఒంట్లో నీరు తగ్గితే రక్తం వచ్చే నాళాన్ని వెడల్పు చేసి, పోయే నాళాన్ని బిగించి, వడపోతకు కావలసిన ఒత్తిడి నిలుపుకుంటాయి. నొప్పి బిళ్ళ ఆ పైతూమును తెరవనీయదు. టెల్మిసార్టాన్ జాతి మందు కిందితూమును మూయనీయదు. నీటి బిళ్ళ కాలువలో నీటినే తగ్గిస్తుంది. వీటికి తోడు ఆవిడ ఉదయం నుంచి సాయంత్రం దాకా రెండు గుక్కలతో సరిపెట్టుకుంటే, మడి ఎండిపోతుంది. విడివిడిగా మూడూ డాక్టర్లు రాసే మందులే. మూడూ కలిసి, నీళ్ళు కరువైనప్పుడే కొంప ముంచుతాయి.

ఆవిడ నీళ్ళెందుకు తాగదంటారా? ఈ ప్రశ్న ఏ ఇల్లాలినైనా అడగండి. దారిలో మరుగు దొరకదని, దొరికినా శుభ్రంగా ఉండదని, బండి ఆపమని మాటిమాటికీ అడగడం బాగుండదని. కిందటి సంవత్సరం నందిగామ దగ్గర పల్లె నుంచి ఒక పెద్దావిడను మా ఆస్పత్రికి తీసుకువచ్చారు. మినీబస్సులో తిరుపతి, రామేశ్వరం యాత్ర, పదకొండు రోజులు. గుడిమెట్లు ఎక్కడానికి పొద్దుటొకటి, రాత్రొకటి నొప్పి బిళ్ళలు. వాంతులు, ముఖం వాపు, ఆయాసం, మూత్రం బొత్తిగా తగ్గిపోయింది. రక్తంలో క్రియాటినిన్ ఒకటికి అటూ ఇటూ ఉండవలసింది అయిదు దాటింది. "ఎన్నడూ ఏమీ చెప్పలేదండీ" అన్నాడు భర్త. ఆవిడ మాత్రం, "ముప్పైమంది ఉన్న బండిని నా ఒక్కదాని కోసం ఆపమని ఎట్టా అడిగేది బాబూ?" అంది. ఆ బిళ్ళలు ఆపి, సెలైను ఎక్కించి, తొమ్మిది రోజులు కనిపెట్టుకుని ఉంటే డయాలిసిస్ అవసరం పడకుండానే కోలుకున్నది. అందరికీ అలా జరగదు. మూత్రపిండాల జబ్బు అంటే ఏమిటో మన పశ్చిమ కృష్ణా వారికి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఎ.కొండూరు మండలం తండాల్లో ఎన్ని కుటుంబాలు ఆ బాధ పడుతున్నాయో మీరూ వినే ఉంటారు.

కనుక మాస్టారూ, మీ బండిలో మరుగుదొడ్డి ఉండడం అన్నిటికన్నా నాకు నచ్చిన సంగతి. దాన్ని అలంకారానికి ఉంచకండి. కొందరు "కంపు కొడుతుంది, వాడొద్దు" అని తాళం వేసి ఉంచుతారు! రెండు గంటలకొకసారి బండి ఆపించండి. ఆవిడ అడిగాక ఆపడం కాదు, అడగకుండానే ఆపడం. కారులోనో బస్సులోనో వెళ్ళేవారైతే పెట్రోలు బంకు కనిపించినప్పుడల్లా ముందు మగవారే దిగి, "నేను వెళ్ళి వస్తున్నాను, నువ్వూ రా" అంటే ఆడవారికి సగం సంకోచం పోతుంది. మూత్రం లేతపసుపు రంగులో వస్తుంటే నీరు చాలినట్టే. చిక్కటి పసుపులోకి దిగితే చాలలేదన్నమాట. గుండె బలహీనంగా ఉండి డాక్టరు నీళ్ళు కొలిచి తాగమన్నవారు మాత్రం ఆ కొలత దాటకూడదు.

బి.పి. బిళ్ళ మీరుగా ఆపించకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. ప్రయాణం రోజున నీటి బిళ్ళ వేసుకుంటే ఇబ్బందని మానేసి, మూడో రోజున పోటు పెరిగి కళ్ళు తిరిగి పడినవారున్నారు. బయలుదేరే ముందే డాక్టరుకు చూపిస్తే మందు మార్చవచ్చు, లేదా వేళ మార్చవచ్చు. దారిలో వాంతులో విరేచనాలో పట్టుకుంటే మాత్రం సంగతి వేరు. అప్పుడు వెంటనే మీ డాక్టరుకు ఫోను చేయండి. టెల్మిసార్టాన్ జాతి మందు, నీటి బిళ్ళ, షుగరుకు వేసుకునే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటివి తిండీ నీరూ మామూలుగా పోయేవరకు తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు. ఇన్సులిన్ మాత్రం ఎవరూ సొంతంగా ఆపకూడదు.

మోకాళ్ళకు పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములది, ఆరేసి గంటల ఎడంతో, లివరు జబ్బు లేనివారు వాడుకోవచ్చు. అయితే "పారాసిటమాల్" అని అడిగితే, అందులో అసిక్లోఫినాక్ కూడా కలిసిన బిళ్ళ చేతిలో పెట్టే దుకాణాలున్నాయి. అట్ట చదివి పుచ్చుకోండి. మోకాలికి పైన రాసే డైక్లోఫినాక్ జెల్ ఒంట్లోకి చాలా తక్కువగా పోతుంది కనుక బిళ్ళకంటే నయం. ఊరు మారితే కంపెనీ పేర్లు మారతాయి. అందుకని ఇద్దరి మందులూ అసలు పేర్లతో, మోతాదుతో ఒక కాగితం మీద రాయించుకుని, నకలొకటి డ్రైవరు దగ్గర ఉంచండి.

వంట సంగతి. ఇక్కడ నాకు కాస్త కోపమే వచ్చింది. నలభై ఏళ్ళు ఆ పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి యాత్రకు వెళుతూ పొయ్యిని కూడా వెంట మోసుకుపోవాలా? ఇడ్లీ, ఉప్మా, పెరుగన్నం దేశంలో చాలాచోట్ల దొరుకుతాయి. వేడివేడిగా దించినది తిని, పచ్చళ్ళు, కోసి ఉంచిన పళ్ళు, చట్నీలు తగ్గించుకుంటే చాలు. పిల్లల ఇళ్ళలో కూడా అంతే. కోడలూ కొడుకూ ఆఫీసులకు పోతే మనవల బాధ్యత, వంటిల్లు ఆవిడ మీదికే వస్తాయి. మీకు విశ్రాంతి, ఆవిడకు ఊరు మారిన చాకిరీ. అమ్మాయికీ, అబ్బాయిలకూ ఈ ముక్క ముందే ఫోనులో చెప్పండి, మీరే చెప్పండి.

వంటకు మరో ప్రమాదం కూడా ఉంది. తలుపులు బిగించిన బండిలో గ్యాసు పొయ్యి గాని, ఎ.సి. కోసం జనరేటరు గాని నడిపితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్న మనిషి లేవడు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపి ఉంచిన క్యారవాన్‌లో ఇద్దరు ఇలాగే చనిపోయి కనిపించారు. జనరేటరు పొగ బండిలోకి చేరడమే కారణమని పరీక్షల్లో తేలింది. రాత్రి బండిలో పడుకోవలసి వస్తే ఇంజను, జనరేటరు, పొయ్యి అన్నీ ఆపి, కిటికీ కాస్త తీసి పడుకోండి. ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి, వికారం మొదలైతే తిన్నది పడలేదనుకోక ముందు కిందికి దిగండి. నన్నడిగితే, రాత్రిళ్ళు లాడ్జిలో పడుకోవడమే మేలు.

రెండు గంటలకొకసారి ఆపమన్నానా, దానికి ఇంకో కారణముంది. కదలక కూర్చుంటే పిక్కల్లోని సిరల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు ఎగబాకవచ్చు. 1940లో లండను మీద బాంబులు పడుతున్నప్పుడు ఆశ్రయాల్లో రాత్రంతా మడతకుర్చీల్లో కూర్చున్నవారు కొందరు ఇలా హఠాత్తుగా చనిపోవడం అక్కడి వైద్యులు గమనించారు. విమానమైనా, రైలైనా, బస్సైనా, కారైనా నాలుగు గంటలు దాటి కూర్చుంటే ఈ ముప్పు రెండు మూడు రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తేల్చింది. అలాగని భయపడవద్దు, అది ఆరువేల మందిలో ఒకరికి వచ్చేపాటిదని కూడా అదే చెప్పింది. దిగి పది నిమిషాలు నడవండి. కూర్చున్నప్పుడు మడమలు ఎత్తుతూ దించుతూ ఉండండి. ఒక కాలికే వాపూ, పిక్కలో నొప్పీ వస్తే దగ్గరలోని ఆస్పత్రికి పదండి, మర్దన చేయించకండి.

మీ ఇన్సులిన్ గురించి. వాడుతున్న సీసా ఎండ తగలని చల్లని చోట నాలుగు వారాలు నిలుస్తుంది. ఎండలో నిలిపిన బండిలో మాత్రం గంటసేపు కూడా వదలకండి. ఫ్రిజ్ లేనిచోట తడిగుడ్డ చుట్టిన కొత్త మట్టికుండ ఎంతో అక్కరకొస్తుంది. ఐసుగడ్డల మధ్య పెడితే గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. భోజనం ఆలస్యమై చెమటలు, వణుకు వస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పావుగంట ఆగి షుగరు చూసుకోండి. గుడుల దగ్గర ఎండకు కాలిన బండల మీద చెప్పుల్లేకుండా నడవవద్దు. తిమ్మిరెక్కిన పాదానికి కాలిందని కూడా తెలియదు. మేజోళ్ళతో వెళ్ళనివ్వమని అడగండి.

విరేచనాలకు అసలైన ఓ.ఆర్.ఎస్. పొడి పొట్లాలే కొనండి, లీటరు నీటికి వేసేవి. ఆ పేరుతో అమ్మే తియ్యటి డబ్బా పానీయాల మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ వాటి మీద ఆ పేరు వాడరాదని ఆదేశించింది.

మీకు డెబ్బై దాటింది కనుక ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోండి. 2024 అక్టోబరులో ప్రారంభమైన ఈ పథకంలో చేరిన ఆస్పత్రుల్లో ఏడాదికి అయిదు లక్షల దాకా చికిత్స ఉచితం. జాతీయ రహదారి మీద ఆపద వస్తే 1033, ఎక్కడైనా 112.

ఇక నెల. వేసవి వద్దు. నందిగామలో 44, 45 డిగ్రీలు చూసే మే నెలలో మీరు నాగపూరు, కాశీ వెళుతున్నారు, అక్కడ ఇంతకంటే చల్లగా ఏమీ ఉండదు. మనవలకు దసరాకూ సెలవులుంటాయి. దసరాకు బయలుదేరి, ఉత్తరాదిన పొగమంచు కమ్మే డిసెంబరు చివరికి ముందే తిరిగి వచ్చేయండి. బయలుదేరడానికి మూడు వారాల ముందు మీ దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి ఇద్దరూ కలిసి వెళ్ళి, ఆవిడకు పోటు, క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించండి. మాత్రల డబ్బాతోబాటు ఆవిడ చేతిసంచీలో విడిగా ఉండే బిళ్ళలు కూడా బయటకు తీయించి డాక్టరు బల్ల మీద పెట్టండి.