పని చేరిన ఇంటికి పేరెందుకు చేరలేదు?

బస్టాండులోనో కళాశాల గేటు దగ్గరో మైకు పట్టుకుని నిలబడి, దారిన పోయేవారికి ఫోటో చూపించి 'ఈయనెవరో చెప్పండి' అని అడిగే వీడియోలు మన ఫోన్లలోకి తరచూ వస్తుంటాయి. శాస్త్రవేత్త ఫోటో చూసి తెల్లమొహం వేసిన కుర్రాడు, సినిమా హీరో పేరు మాత్రం క్షణంలో చెప్పేస్తాడు. చూసినవాళ్లు నవ్వుకుంటారు, ఈ తరానికి ఏమీ తెలియదని తీర్పు చెబుతారు. ఆ తీర్పు తప్పు. పదే పదే కళ్లబడిన ముఖాన్నే ఎవరైనా గుర్తుపడతారు. చూపించాల్సిన వాళ్లు చూపించకుండా, చూడనివాడిని అజ్ఞాని అనడం అన్యాయం.

ఈ సంగతి మన దేశంలో అందరికంటే బాగా అర్థమైంది ఎన్నికల సంఘానికి. చదువు రాని కోట్లాది ఓటర్ల కోసం 1951-52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికల్లోనే గుర్తులు వాడింది. ఒకే పేరున్న అభ్యర్థుల వల్ల ఓటరు తికమకపడకుండా 2015 నుంచి ఓటింగ్ యంత్రం మీది బ్యాలెట్ పత్రంపై అభ్యర్థి ఫోటో వేస్తోంది. 2025 బిహార్ ఎన్నికల నుంచి ఆ ఫోటో రంగుల్లోకి మారింది. ఊరూరా తిరిగి, చేతులు జోడించి, గోడలనిండా పోస్టర్లు అంటించుకున్న నాయకుడిని కూడా ఓటరు పోల్చుకోలేకపోవచ్చని సంఘం ఒప్పుకుంది. ఓటరును మందలించలేదు. తెలియాల్సిన విషయాన్ని, ఓటరు వేలు పెట్టే చోటికే తీసుకొచ్చింది.

ఇదే కొలబద్దతో వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు సంగతి చూద్దాం. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు ఖద్దరు దుస్తులు వేసుకున్నందుకు ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల వ్యాధితో చనిపోయారు. 1920ల తొలినాళ్లలో అమెరికా చేరి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. కండరాల్లో శక్తి ఎలా నిలవ ఉంటుందో చెప్పే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల ఆచూకీ అక్కడే పట్టారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారాక ఆయన నడిపించిన బృందాలు ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేశాయి. స్ప్రూ వ్యాధికి మందుగా పనిచేసింది అదే. బోదకాలుకు డీఈసీ, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆ బృందాల నుంచే వచ్చాయి. అవే బృందాలు తయారుచేసిన, ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు పనిచేసే అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సర్ పిల్లలకు ఇస్తే, 16 మందిలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. ఆ ఫలితం 1948లో అచ్చయింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అదే వరుసలోని మెథోట్రెక్సేట్‌ను నేటికీ కేన్సర్‌కూ కీళ్లవాతానికీ వాడుతున్నారు.

ఈ మందులు చేరని తెలుగు పల్లె లేదు. గర్భిణికి నాలుగో నెల నుంచి 180 రోజులపాటు ఏఎన్ఎమ్ ఇచ్చే ఐరన్ మాత్రలో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. బోదకాలు బెడద ఉన్న జిల్లాల్లో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి, తమ ఎదుటే మింగించే మాత్రల్లో డీఈసీ ఒకటి. ఆ మాత్ర ఇచ్చే చేతికీ మింగే మనిషికీ దాని వెనక భీమవరం మనిషి ఉన్నాడని చెప్పే ఏర్పాటు ఏదీ లేదు. పని ప్రతి ఇంటికీ వెళ్లింది. పేరు వెనకబడింది.

ఎందుకు వెనకబడింది? మొదటి కారణం పని జరిగిన తీరు. బృందంగా చేసిన పరిశోధన మందుగా మారి, ఆ మందు కంపెనీ పేరుతో బజారుకు వస్తుంది. ప్రయోగాలకు దారి చూపినవారి పేరుకు సీసా మీద చోటుండదు. రెండోది హార్వర్డ్‌లో ఎదురైన చిన్నచూపు. అక్కడ ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. తర్వాత నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్కే వెలుగులోకి రానివ్వలేదనీ, ఏళ్ల తర్వాత ఇతరులు వాటిని మళ్లీ కనుగొనాల్సి వచ్చిందనీ చెప్పారు. మూడో కారణం మనమే. శతజయంతికి 1995లో తపాలా బిళ్ల వేశాం, సభలు పెట్టాం, విగ్రహాలకు దండలు వేస్తున్నాం. ఇవన్నీ ఆయన ఎవరో ముందే తెలిసినవారు చేసుకునే పనులు. తెలియనివారికి తెలిపే దారి వేరు. ఆ దారి మనం వేయలేదు.

ముఖాలకు దారి వేస్తే ఎంత దూరం వెళ్తాయో తెలుగువారికి చెప్పనక్కర్లేదు. ఎన్టీఆర్ 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరిలో అధికారంలోకి వచ్చారు. తొమ్మిది నెలల్లో అది సాధ్యం కావడానికి రాజకీయ కారణాలు చాలానే ఉన్నాయి. అయితే మూడు దశాబ్దాలపాటు వెండితెర ప్రతి ఊరికీ చేర్చిన ముఖం ఆయనకు అప్పటికే ఉంది. ముఖ పరిచయం ఒక పెట్టుబడి అని మన రాజకీయం ఆనాడే నేర్చుకుంది. నేటి ఫ్లెక్సీలన్నీ ఆ పెట్టుబడి కోసమే. ఆ దారిలో కాస్త చోటు కూడా శాస్త్రానికీ జానపద కళకూ దక్కకపోవడమే నా అభ్యంతరం.

ముఖం తెలిస్తే చాలా అంటే, చాలదు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యను చూడండి. 2021లో 'భీమ్లా నాయక్' పాటతో ఆయన గొంతు ఇంటింటా వినబడింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024 మే నెలలో ఆయనే హైదరాబాద్ శివారులోని ఒక నిర్మాణ స్థలంలో కూలి పని చేస్తూ కనిపించారు. సన్మానం ఒకరోజు పండుగ. కళాకారుడికి కావాల్సింది నెలనెలా ఆగకుండా అందే పింఛను, కిన్నెర నేర్చుకునే పిల్లలు, వారికి నేర్పినందుకు జీతం. పతకం ఇచ్చిన చేత్తోనే వీటినీ ఏర్పాటు చేయకపోతే ఆ గుర్తింపు వల్ల పొయ్యి వెలగదు.

పేరు పెట్టడం కూడా చాలదు. హైదరాబాద్ గచ్చిబౌలిలో ప్రొఫెసర్ సి.ఆర్.రావు రోడ్డు ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1945లో పాతికేళ్ల వయసుకే గణాంక శాస్త్రపు పునాది సూత్రాల్లో ఒకదాన్ని అందించిన మనిషి ఆయన. డేటా సైన్సుకు ఆధారం ఆ శాస్త్రమే. ఆ రంగంలో ఉద్యోగాలు చేసే యువత ఆ దారినే రోజూ వెళ్తుంది. ఆ పేరుకూ తమ పనికీ ఉన్న సంబంధం చెప్పే పలక ఒక్కటి అక్కడ నిలబెడితే, రోడ్డు పేరు చిరునామాగా మిగిలిపోదు.

సుబ్బారావు ప్రచారానికి దూరంగా ఉన్న మనిషి, ఆయనకు లేని ఆశ మనకెందుకని కొందరు అడగవచ్చు. ప్రచారం కోరకపోవడం ఆయన గొప్పతనం. ఆయన గురించి చెప్పకుండా ఉండటానికి దాన్ని మనం సాకుగా వాడుకోకూడదు. పోయినవారికి ఈ గుర్తింపుతో పనిలేదు. అవసరం మనది. మాత్ర ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరి ఏళ్ల కష్టంతో వచ్చిందో తెలిసినవారు దాన్ని నమ్మకంగా మింగుతారు. పంపిణీ చేసినా వాడకుండా మిగిలిపోయే మాత్రలు ఆరోగ్య శాఖకు పాత తలనొప్పే. జిల్లా పరిషత్ బడిలో చదివే అమ్మాయికి, పరిశోధన తన ఊరి మనిషి చేసిన పనేనని తెలియడమూ చిన్న విషయం కాదు.

చేయాల్సినవి ఖరీదైన పనులు కావు. మాతా శిశు సంరక్షణ కార్డు మీద, బోదకాలు మాత్రల పంపిణీ కరపత్రం మీద సుబ్బారావు ఫోటో, రెండు వాక్యాలు అచ్చువేయాలి. పాఠ్యపుస్తకాల్లో విటమిన్ల పాఠం చెప్పేచోటే, పక్కన గడిలో కాకుండా పాఠంలోనే, ఆయన కథ చెప్పాలి. ఆశా కార్యకర్తల శిక్షణలో దానికి పది నిమిషాలు కేటాయించాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య, విద్యా శాఖలు వచ్చే ముద్రణతోనే ఇది మొదలుపెట్టవచ్చు. ఆ పని జరిగిన తర్వాత కూడా ఎవరైనా గుర్తుపట్టకపోతే, అప్పుడు ప్రజలను ప్రశ్నించే అర్హత మనకు వస్తుంది.