రాణి గది కనబడగానే కత్తి తీయకండి

పోయిన వీడియో చూసి ఫోన్ చేసినవాళ్ళలో ఎక్కువమంది ఒక్కటే అడిగారు. "పెట్టెలోంచి ఈగలు గుంపుగా లేచిపోతున్నాయండి, రాణి గదులు కోసేయమంటున్నారు, ఎన్ని రోజులకోసారి కోయాలి?" అని. నన్నడిగితే ఆ పని అసలు వద్దంటాను. ఒక పట్టు మొత్తం పోగొట్టుకుని మరీ చెప్తున్న మాట ఇది.

మేముండేది చిక్కడపల్లిలో. మిద్దె మీద కూరగాయల తోట, ఓ మూల పుట్టతేనె ఈగల పెట్టె. సిటీలో మేత ఎక్కడిదంటారేమో, ఇందిరా పార్కు చెట్లు, వీధుల్లో కానుగలు, వేపలు, బాల్కనీల్లో తులసి... ఒక్క పెట్టెకి ధారాళం. ఓ ఫిబ్రవరిలో పెట్టె కిక్కిరిసిపోయింది. తుట్టె కింది అంచున వేరుశెనగ కాయల్లా రాణి గదులు వేలాడుతున్నాయి. కోసేశాను. వారానికి మళ్ళీ కట్టాయి, మళ్ళీ కోశాను. మూడోసారి మూత తీసేసరికి ఈగలు సగమే ఉన్నాయి. నా కంట పడని ఒక గదికి మూత పడింది, పాత రాణి సగం ఈగల్ని తీసుకుని వెళ్ళిపోయింది. అది గ్రహించకుండా ఆ రోజు ఉన్న గదులు కూడా వెతికి వెతికి కోశాను చూడండి, అదీ అసలు తప్పు! ఇక పెట్టెలో రాణి లేదు, కొత్త రాణిని చేసుకుందామంటే మూడు రోజుల లోపు లేత పిల్ల కూడా లేదు. కొన్నాళ్ళకి కూలి ఈగలే గుడ్లు పెట్టడం మొదలెట్టాయి. ఒక్కో గదిలో రెండు మూడు గుడ్లు, అన్నీ పోతుటీగలే. తర్వాత మైనపు పురుగు పట్టింది, పెట్టె ఖాళీ.

గుంపు కట్టడం రోగం కాదు. మేత బాగుండి, చోటు చాలక, ఇల్లు వేరు పడుతున్నాయి. ఆ వేరు కాపురం మనమే పెట్టిస్తే సరి. న్యూటన్ పెట్టెలో కింద ఏడు ఫ్రేములుంటాయి కదా, వాటిలో పాత రాణి ఉన్న ఫ్రేముతో పాటు పిల్ల, తేనె ఉన్నవి ఇంకో రెండు తీసి కొత్త పెట్టెలో పెట్టండి. మరో ఫ్రేము మీది ఈగల్ని కూడా దులపండి, ఎందుకంటే ముసలి ఈగలు పాత చోటికే తిరిగొచ్చేస్తాయి. పాత పెట్టెలో పెద్దగా, నిండుగా ఉన్న రాణి గది ఒక్కటి ఉంచి, అప్పుడు కావాలంటే మిగతావి కోయండి. మూత పడిన గదిలోంచి ఏడెనిమిది రోజుల్లో కొత్త రాణి వస్తుంది. ఆ తర్వాత రెండు వారాలు మూత ముట్టుకోవద్దు. అప్పటికీ గుడ్లు కనబడకపోతే వేరే పెట్టెలోంచి గుడ్లున్న ఫ్రేము ఒకటివ్వండి. దాని మీద రాణి గదులు కట్టాయా, రాణి లేనట్టే.

ఇక్కడే ఇంకో సంగతి. కొత్త రాణి పైకెగిరి, గాలిలోనే చాలా పోతుటీగలతో జతకడుతుంది. ఒక్క పెట్టె ఉన్న నాలాంటివాడికి ఆ పోతుటీగలు ఎక్కణ్ణుంచి రావాలి? నారాయణగూడ పాత ఇళ్ళ గోడ సందుల్లోంచి, మీటరు డబ్బాల్లోంచి, చెట్టు తొర్రల్లోంచి. అవన్నీ మన పెట్టెకి అల్లుళ్ళన్నమాట. వాటిని చంపుకుంటూ పోతే మిగిలేది సొంత అన్నదమ్ములే. అప్పుడు పిల్ల అక్కడక్కడా గదులు ఖాళీగా, చిల్లులు పడ్డట్టు కనబడుతుంది. రైతులు దాన్ని రాణి లోపం అంటారు, తప్పు రాణిది కాదు.

పోయిన వేసవిలో అశోక్ నగర్‌లో ఓ హాస్టల్ బాల్కనీకి పుట్టతేనె గుంపు వేలాడుతోందని కబురొచ్చింది. బుట్ట, గుడ్డ పట్టుకుని పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి మందు కొట్టేసి, చీపురుతో ఊడుస్తున్నారు. ఆ గుంపుకి తుట్టె లేదు, కాపాడుకోవాల్సిన పిల్ల లేదు, కడుపు నిండా తేనె తాగి ఉంది. అలాంటప్పుడు ఈగలు మామూలుగా కుట్టవు. ఒకటి రెండు రోజుల్లో వాటంతటవే పోయేవి, లేదా నా ఖాళీ పెట్టె నిండేది.

ఎత్తైన బిల్డింగులకి పెద్ద చాటంత పట్టు వేలాడితే మాత్రం అది కొండ తేనెటీగ. దాన్ని పెట్టెలో పెట్టలేం, దగ్గరికి పోవద్దు. పొగ, మందు అసలొద్దు.

పెట్టె విడదీయడం కింది వీడియోలో చూపించాను. వెలుతురు తక్కువగా ఉంది, ఏమనుకోకండి, సాయంత్రం తీశాం.