జేబుకత్తికి ఒక వకాల్తా

నాణ్యమైన సంప్రదాయ జేబుకత్తి లభించగా, ఆధునికమన్న పేరు చూసి మెరుగుల మడతకత్తిని కొనడం వివేకం కాదు. ఒంటిచేత్తో తెరుచుకుంటుందట, తుప్పు పట్టదట, దానంతటదే తాళం పడుతుందట! ఈ గుణగణాల పట్టికలో పదును ప్రసక్తి ఎక్కడ?

పదును నిలవడం ఎంత ముఖ్యమో, పోయినప్పుడు తిరిగి రావడం అంత ముఖ్యం. కర్బనం అధికంగా గల ఉక్కు మామూలు సానరాయి మీద కొద్ది నిమిషాల్లో పదునెక్కుతుంది. క్రోమియం కలిసిన తుప్పుపట్టని ఉక్కుల్లో చాలా రకాలు అంత సులభంగా లొంగవు. స్ప్రింగో తాళమో చెడితే ఊరి కమ్మరికి సాధ్యపడదు, పారవేయవలసిందే. ఇక తుప్పంటారా, తుడిచి చుక్క నూనె రాస్తే తీరే బాధ అది. ఆ పాటి శ్రద్ధ కూడా భారమనుకునేవారికి అసలు కత్తి దేనికి?

జపానులో మీకి పట్టణపు హిగొనొకామిని చూడండి. 1890 దశకంలో పుట్టిన చాకు. రేకు మడిచి చేసిన పిడి, ఒక అలుగు, ఒక రివెట్టు, అంతే. తాళం లేదు, అలుగు వెనుక ఉన్న చిన్న మీటను బొటనవేలితో అదిమి పట్టాలి. వాడేవాని జాగ్రత్తే దాని తాళం. బడిపిల్లలు దీనితోనే పెన్సిళ్లు చెక్కుకున్నారు. 1960లో సోషలిస్టు నాయకుడు అసనుమా ఇనెజిరోను పదిహేడేళ్ల యువకుడు హత్య చేసిన తరువాత, పిల్లల చేతికి కత్తి ఇవ్వరాదన్న ఉద్యమం బయలుదేరింది. హంతకుడు వాడినది పొట్టి ఖడ్గం. శిక్ష పడినది పెన్సిలు చాకుకు. ఆ పరిశ్రమ మళ్లీ మునుపటిలా కోలుకోలేదు.

మనమూ తక్కువ తినలేదు. రాంపురీ అనగానే మనకు సినిమా దుండగుడు గుర్తుకు వస్తాడు గాని రాంపూరు పనివాడు గుర్తుకు రాడు. మడతకత్తి పాశ్చాత్యుల కానుక అన్న భ్రమ మరొకటి. గంటాన్నీ, ఆకు కోసే కత్తినీ ఒకే పిడిలోకి మడిచిపెట్టుకొన్న దక్షిణాది తాటాకు లేఖకుల పనిముట్లు మ్యూజియంలలో నేటికీ ఉన్నాయి. నిజామాబాదు జిల్లా కోనసముద్రపు ఉక్కు కోసం పర్షియా వర్తకులు పనిగట్టుకుని వచ్చేవారు. ఆ ఉక్కు ఖ్యాతిని సదస్సుల్లో కీర్తించే మనం, జేబులో మాత్రం పదునెక్కని తళుకును మోస్తున్నాం.

ప్రభుత్వ హస్తకళా విక్రయశాలలు అలంకార వస్తువుల నడుమ మంచి కర్బనపు ఉక్కు జేబుకత్తికీ, దాని తోడుగా ఒక సానరాయికీ చోటివ్వాలి. అద్దాల పెట్టెలో కాదు, కొనేవాడు చేతిలోకి తీసుకుని పదును చూడగలిగే చోట.