మూడు చెంచాల నూనె

మా కల్లూరులో సాగర్ అంటే సముద్రం కాదు, కాలువ. ఎడమ కాలువకి నీళ్లు వదిలారా లేదా అన్నదే ఇక్కడ పెద్ద వార్త. సముద్రం ముఖం చూడని ఇలాంటి ఊళ్ల కుర్రాళ్లకి కూడా ఇప్పుడు మర్చంట్ నేవీ మీద మోజు. డాలర్లలో జీతం, డెక్ మీద సెల్ఫీలు, ఇన్‌స్టాలో లైకులు. ఆ సెల్ఫీల్లో ఎప్పుడూ పడని చోటు ఒకటుంది. ఇంజిన్ రూమ్ అడుగు. ఈ వారం అక్కడికి దిగుదాం.

ఓడ ఇంజిన్ రూమ్‌లో పంపో, పైపో, కూలరో ఏదో ఒకటి కారుతూనే ఉంటుంది. ఆ నీళ్లు, డీజిల్, లూబ్ ఆయిల్ అన్నీ కలిసి అట్టడుగుకి చేరతాయి. దాన్నే బిల్జ్ నీళ్లు అంటారు. పోర్టులో అప్పగించాలంటే డబ్బు ఖర్చు. సముద్రంలో వదలాలంటే మార్‌పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఒప్పుకోవాలి. దాని నూనె నిబంధనలు 1983 అక్టోబర్ 2 నుంచి అమల్లో ఉన్నాయి. ఓడ నడుస్తూ ఉండాలి, నీళ్లు సెపరేటర్ గుండా రావాలి, అందులో నూనె 15 పీపీఎం దాటకూడదు.

15 పీపీఎం అంటే ఎంత? మేడ మీద వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు ఊహించుకోండి. అందులో మూడు టీ చెంచాల నూనె. అంతే!

మూడు చెంచాలా, నాలుగా అని కనిపెట్టేది ఒక చిన్న పెట్టె. పేరు బిల్జ్ అలారం. సముద్రంలోకి వెళ్లే నీళ్లలోంచి సన్నటి గొట్టం ద్వారా కొంచెం శాంపిల్ తీసుకుంటుంది. ఆ నీళ్లు పారే గాజు గొట్టం గుండా కాంతి పంపుతుంది. నూనె బిందువులుంటే కాంతి చెదురుతుంది. ఎంత చెదిరిందో కొలిచి లెక్క చెబుతుంది. 15 దాటిందా, అలారం మోగి, వాల్వు తిరిగిపోయి, నీళ్లు మళ్లీ ట్యాంకులోకే వస్తాయి. ఇదంతా 20 సెకన్లలోపే జరగాలన్నది రూల్.

తలనొప్పి ఎక్కడంటే, తుప్పు, మసి, గాలి బుడగలు కూడా కాంతిని చెదరగొడతాయి. గాజుకి మురికి పడితే మంచినీళ్లకి కూడా కూత పెడుతుంది. అందుకే గాజు గొట్టాన్ని బ్రష్‌తో తోమాలి, మంచినీళ్లతో కడిగి జీరో చూపిస్తోందో లేదో చూడాలి. ఇంత చేసినా మోగుతోందంటే తప్పు పెట్టెది కాదు. ఫ్లోర్ కడగడానికి సబ్బు నీళ్లు దండిగా పోస్తే నూనె పాలలా కలిసిపోతుంది, సెపరేటర్‌కి విడదీయడం కష్టం. అలారం నిజమే చెబుతోంది, మనకే వినబుద్ధి కాదు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది తెలిసిన బాధే. అర్ధరాత్రి అలర్ట్ పదిసార్లు మోగితే చెయ్యి సమస్య మీదికి కాదు, మ్యూట్ బటన్ మీదికి వెళ్తుంది. ఓడల్లో ఆ మ్యూట్ బటన్‌కి ముద్దుపేరు మ్యాజిక్ పైప్. సెపరేటర్‌నీ అలారంనీ తప్పించి నేరుగా సముద్రంలోకి వేసే దొంగ పైపు.

2013 ఆగస్టులో ఇంగ్లండ్ తీరానికి దగ్గర్లో కరీబియన్ ప్రిన్సెస్ అనే విహార నౌక ఇలాగే సుమారు 16 వేల లీటర్ల నూనె నీళ్లు వదిలింది. అంటే మన సింటెక్స్ ట్యాంకులు పదహారు. రికార్డులో అంతా సవ్యంగా కనిపించాలని యంత్రం గుండా శుభ్రమైన సముద్రపు నీళ్లు పంపారు. కొత్తగా చేరిన ఒక ఇంజినీర్ ఇది చూశాడు. ఓడ సౌతాంప్టన్ చేరగానే బ్రిటిష్ అధికారులకి చెప్పి ఉద్యోగం వదిలేశాడు. ఓడలో పై ఇంజినీర్లు పైపు పీకించి, కింది వాళ్లని అబద్ధం చెప్పమన్నారు. కానీ పైపు ఉన్నప్పటి ఫొటోలు, తీసేశాక ఫొటోలు రెండూ దర్యాప్తుకి చేరాయి. 2016 డిసెంబర్‌లో ప్రిన్సెస్ క్రూయిజ్ లైన్స్ నేరం ఒప్పుకుని 4 కోట్ల డాలర్ల జరిమానాకి తలొంచింది.

ఇలాంటి తెలివితేటలు రూల్ రాసేవాళ్లకి తెలియనివేం కాదు. 2005 జనవరి 1 నుంచి అమర్చే పెట్టెలకి గట్టి షరతులు పెట్టారు. కడగడానికి మంచినీళ్లు తిప్పినా అలారం మోగాల్సిందే. ఎప్పుడు మోగిందో తేదీ, సమయంతో సహా కనీసం 18 నెలలు దాచిపెట్టుకోవాలి. లోపల వేలు పెట్టాలంటే సీలు పగలాలి. కచ్చితత్వాన్ని ఎప్పటికప్పుడు పరీక్షించాలి. ఇంత చేసినా ఒక లోటు మిగిలే ఉంది. సెన్సర్ తన దగ్గరికి వచ్చిన నీళ్లనే చూడగలదు. పక్క పైపులోంచి పోయేది దానికి కనబడదు. ఆ పైపు చూడగలిగేది మనిషి ఒక్కడే.

ఆ మనిషి చాలాసార్లు చిన్న ఉద్యోగే. కాంట్రాక్టు పోతుందన్న భయం, ఏజెంటుకి కట్టిన అప్పు, ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు. పైవాడు "ఈ పైపు బిగించరా" అంటే కాదనడం చెప్పినంత తేలిక కాదు. కానీ లెక్క తెలుసుకుని ఓడెక్కడం మంచిది. వదిలిన ప్రతి నీటికీ ఆయిల్ రికార్డ్ బుక్‌లో పద్దు రాసి, ఆ పని చూసిన ఆఫీసర్ సంతకం పెట్టాలి. అమెరికా పోర్టుల్లో పట్టుబడిన కేసుల్లో చాలావాటికి మూలం ఆ పుస్తకంలో రాసిన అబద్ధమే. జరిమానా కంపెనీ కడుతుంది. జైలు మాత్రం సంతకం పెట్టిన చేతికే.

మీ తమ్ముడో, బావమరిదో ఓడెక్కుతుంటే రెండు మాటలు చెప్పండి. ప్రతి కంపెనీకీ ఒడ్డున డీపీఏ అనే అధికారి ఉంటాడు, నేరుగా ఆయనకి ఫిర్యాదు చేయొచ్చు. ఆ నంబరు ఓడెక్కిన రోజే ఫోన్‌లో సేవ్ చేసుకోమనండి. రెండోది, బిల్జ్ అలారం మోగితే ఓడేమీ ఆగిపోదు. సముద్రంలోకి పోయే మురికి నీళ్లు ఆగుతాయి, అంతే. దాని కోసం ఎవరి జీవితమూ పణంగా పెట్టక్కర్లేదు.