"ఇక చేయవలసినది లేదు"

వ్యాధి ముదిరినదని తెలిసిన దినమున మన వైద్యులును, బంధువులును, ఇరుగుపొరుగువారును ఏకకంఠముగా పలుకు వాక్యమొకటి కలదు: "ఇక చేయవలసినది లేదు." ఈ వాక్యము అసత్యమనియు, అసత్యమే గాక క్రూరమనియు చెప్పుటకే మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి. రొమ్ము క్యాన్సరు ముదిరిన స్త్రీల విషయమున నిది మరింత క్రూరము. ఏలన, ఎముకలకో ఊపిరితిత్తులకో వ్యాధి ప్రాకిన పిదపను చికిత్సతో ఏండ్ల తరబడి జీవించువారు వీరిలో కలరు. ఆ యేండ్లన్నియు చేయవలసినది లేని యేండ్లేనా?

తార్నాకలో మా యింటికి నాలుగిండ్ల యవతల నొక యిల్లాలుండెను. ఆమె కుమారునికి వారింటనే మేము కొంతకాలము ఇంగ్లీషు చెప్పితిమి. రొమ్మున గడ్డ కనబడిన పిదప ఏడాది వరకు ఆమె యెవరికిని చెప్పలేదు; కుమార్తె పెండ్లి ముగియవలెనని ఊరకుండెనట. ఆసుపత్రికి పోవునప్పటికి వ్యాధి వెన్నెముకను చేరినది. ఇంటివారు మమ్ము చాటునకు పిలిచి, "మాస్టారూ, అమ్మకు తెలియనివ్వకండి, మామూలు గడ్డేనని చెప్పాము" అనిరి. మేమును సరే యంటిమి. ఆమె యెదుట వారు వ్యాధినిగూర్చి ఇంగ్లీషులో మాటలాడుకొనుచుండిరి. ఒకనాడు ఆమె మాతో, "మావాడికి మీరు చెప్పిన పాఠాలన్నీ వంటింట్లోంచి నేనూ విన్నాను మాస్టారూ. వీళ్లనుకున్నంత తెలియనిదాన్ని కాను" అనెను. మేము తలవంచుకొంటిమి.

ఆమె మమ్మడిగినది ప్రాణము గాదు. వాచిన చేయి పైకి లేవదు గనుక తల దువ్వువారెవరని యడిగెను. పుండు వాసనచే పొరుగింటి పిల్లలను దగ్గరకు పిలువ సిగ్గగుచున్నదనెను. రాత్రి నొప్పి వచ్చినప్పుడు ఇంటివారి నిద్ర చెడునని దిండు కరచుకొని పరుండుచున్నాననెను. ఈ మూడింటికిని ఉపాయములు కలవని మేమప్పుడెరుగము. ఎరిగినవారు చెప్పలేదు.

చంకలోని గ్రంథులు తీసివేయబడుటచేతనో, వ్యాధిచే మూసికొనిపోవుటచేతనో చేతిలో రసము నిలిచి వాపు కలుగును. తగిన కట్టు, మృదువైన మర్దనము, చర్మరక్షణ, వ్యాయామము, వీనిచే దానిని తగ్గింపవచ్చును. పుండు వాసనకు మెట్రోనిడజోల్ మాత్రను పొడిచేసి చల్లుట మిక్కిలి చౌకయైన చికిత్స. ఎముకనొప్పికి ఒక్క దినపు రేడియేషనుతోనే పెక్కుమందికి ఉపశాంతి కలుగును. తీవ్రమైన నొప్పికి నోట తీసికొను మార్ఫీను కలదు. నాలుగేసి గంటల కొకమారు లెక్క తప్పక ఇయ్యవలసినది.

మార్ఫీను పేరు చెప్పగానే మనవారు ఉలికిపడుదురు. అలవాటు పడునందురు; అది మరణమును త్వరపెట్టునందురు. నొప్పికి తగిన మోతాదున వైద్యుని పర్యవేక్షణలో నిచ్చినప్పుడు ఈ రెండు భయములును నిరాధారములు. మన దేశమున ప్రభుత్వపు అనుమతితో నల్లమందు పండించి విదేశములకు పంపుచున్నారు. అయినను 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము పుట్టిన పిదప ఆసుపత్రులు అనేక లైసెన్సులకు జడిసి మార్ఫీను నుంచుకొనుటయే మానినవి. 2014 లో చట్టమును సవరించి ఆ చిక్కులను సడలించిరి. చట్టము సడలినది గాని మన భయము సడలలేదు.

సంస్కృతము చదివినవారము గనుక నొకమాట. మన ప్రాచీన వైద్యులు వ్యాధులను సాధ్యములు, అసాధ్యములు అని రెండుగా మాత్రమే విభజింపలేదు. నడుమ యాప్యమను మూడవదానిని చెప్పిరి. అది కుదురదు గాని, చికిత్స సాగినంతకాలము రోగిని నిలుపవచ్చును. సుశ్రుతుడు అట్టి రోగిని పడిపోనున్న యింటితోను, చికిత్సను దానికి చక్కగా నిలిపిన ఊతకంబముతోను పోల్చెను. ఇంగ్లీషువారి 'పాలియేటివ్' అను మాట లాటిను భాషలో దుప్పటికి గల పేరునుండి వచ్చినది. కప్పునది కన్న మోయునది మేలని మా యభిప్రాయము. ఈ పదము చేతనుండగా మనవారు అసాధ్యమను మాట నేల పట్టుకొని వ్రేలాడుచున్నారో తెలియదు.

నిజమును దాచుట దయయని వాదించువారికి మా ప్రశ్న యిది: ఎవరిపై దయ? తెలియనిచో ఆమె తన నగలెవరికో చెప్పలేదు. కుమార్తెను పరీక్ష చేయించుకొమ్మనలేదు. తన భయమును భర్తతో పంచుకొనలేదు. మనమామె కన్నీరు చూడనక్కరలేకుండుటకే యీ దాపరికము. వినుట కిష్టము లేనివారి చెవిలో బలవంతముగా పోయుమని మేము చెప్పము. ఎంతవరకు తెలిసికొనగోరుచున్నదో ముందుగా ఆమెనే యడుగుడు.

ఇది ఒక్కయింటి కథ గాదు. 2022 లో మన దేశమున రొమ్ము క్యాన్సరు సోకిన స్త్రీలు సుమారు 1,92,000 మందియని అంతర్జాతీయపు అంచనా. 2012-16 నాటి క్యాన్సరు లెక్కలలో, వయోభేదమును సవరించి చూడగా, ఈ హైదరాబాదులోనే లక్షమంది స్త్రీలకు 48 మంది వంతున తేలినది. నాడు లెక్కలకెక్కిన భారతీయ నగరములలో నిదియే హెచ్చు. అక్టోబరు వచ్చినంతనే గులాబి రిబ్బన్లు ధరించి నడచువారిని చూచుచుందుము. త్వరగా కనుగొనుడు, జయింపుడు అని వారి కేక. మంచిదే. కాని ఆలస్యముగా కనుగొన్నది, జయింపలేనిది, ఆ యూరేగింపులో నెక్కడ నడువవలెను?

ఊత ఎట్లుండునో చూడగోరువారు కేరళకు పోవచ్చును. 1993 లో కోళికోడు వైద్యకళాశాలలో ఆరంభమైన చిన్న ప్రయత్నము వాడవాడల స్వచ్ఛంద సేవకుల వరకు ప్రాకినది. 2008 లో ఆ ప్రభుత్వము దానినొక విధానముగా ప్రకటించెను. అంత దూరమేల? మన రెడ్ హిల్స్ లోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఉపశమన చికిత్సా విభాగము కలదు. డాక్టరు గాయత్రి పాలాట్ గారును వారి సహచరులును దానికై పాటుపడినవారు. కాని వెన్నెముక విరుగుచున్న స్త్రీ తార్నాకనుండి నాంపల్లి దాటి బస్సులో పోవలెనా? చికిత్సయే యింటికి రావలెను.

తార్నాక విద్యకు లోటులేని చోటు. ఉస్మానియా ఆర్ట్సు కళాశాల భవనము 1939 లో తెరువబడినది. పోషకాహార సంస్థ 1958 లో కూనూరునుండి యిచటికి వచ్చినది. జీవకణములను పరిశోధించువారు హబ్సిగూడలో నున్నారు. ఆకలి చచ్చిన క్యాన్సరు రోగికి ఏమి పెట్టవలెనో తెలుగున నాలుగు పుటలు వ్రాసి యింటింటికి పంచుట ఈ విద్వాంసులకు తలకు మించిన పనియా? మనస్తత్త్వశాస్త్రము చదువు విద్యార్థులు వారమునకొక గంట ప్రక్కవీధిలోని రోగి మంచముకడ కూర్చుండి వినుట, పరీక్షలలో గ్రంథములు వల్లించుటకన్న తక్కువ చదువా? ఉదయముననే క్యాంపసు చెట్లక్రింద వ్యాహ్యాళి చేయు మావంటి పెద్దమనుష్యులకు గూడ నొక గంట దొరకును.

ద్రవ్యము లేదని కొందరనుచున్నారు. మెట్రోనిడజోల్ మాత్రకు కావలసినది రూపాయలలోనే. మార్ఫీను మాత్రయు నట్లే. తల దువ్వుటకు ద్రవ్యమే అక్కరలేదు. మా పొరుగింటి యిల్లాలికి చివరివరకు తల దువ్వినది వారింట అంట్లు తోము మనిషి, మేమెవ్వరమును గాము.