ప్రేమ కొరవడిన చోట న్యాయం

మతఘర్షణ జరిగిన ప్రతిసారీ నాయకులు సోదరభావాన్ని గుర్తుచేస్తారు. ఇల్లు కోల్పోయినవాడు మాత్రం న్యాయం అడుగుతాడు. ఈ రెండింటిలో ఏది ముందు? ఇస్లామీయ చింతన ఈ ప్రశ్నను దాదాపు ఎనిమిది శతాబ్దాల కిందటే చర్చించింది.

ఇరాన్ తత్వవేత్త నసీరుద్దీన్ తూసీ 1235 ప్రాంతంలో పారశీకంలో ‘అఖ్లాఖె నాసిరీ’ రచించారు. మనిషి ఒంటరిగా బతకలేడు గనుక సమాజం ఏర్పడుతుందని, దానిని నిలబెట్టేవి ప్రేమ, న్యాయమని వివరించారు. అగ్రస్థానం ప్రేమకే ఇచ్చారు. అందుకు ‘ఇన్సాఫ్’ అనే మాటనే ఆధారం చేసుకున్నారు. దాని మూలంలో ‘సగం’ అనే అర్థం ఉంది. వివాదంలోని వస్తువును చెరిసగం పంచడమే ఇన్సాఫ్. పంపకం జరిగిందంటే ఇద్దరూ వేరుగా ఉన్నట్లే. ప్రేమ ఉన్నచోట పంపకంతోనే పని లేదు. ప్రేమ కొరవడినందువల్లే న్యాయం అవసరమైందన్నది ఆయన నిర్ణయం.

అక్బరుకు చదివి వినిపించిన గ్రంథాలలో అబుల్ ఫజల్ దీనినీ పేర్కొన్నాడు. అక్బరు 1563లో హిందూ యాత్రికులపై పన్నును, మరుసటి ఏడు జిజియాను రద్దుచేశాడు. వాటికి ఈ గ్రంథమే కారణమని చెప్పలేం. కానీ సర్వజన సామరస్యం గురించి మాట్లాడిన పాలన ముందుగా పన్నుల పట్టీని సరిచేసిందన్నది గమనార్హం.

తూసీ సిద్ధాంతాన్ని వక్రీకరించడం తేలిక. ప్రేమే గొప్పది గనుక బాధితుడు క్షమించి ఊరుకోవాలని బోధించవచ్చు. ఆయన తర్కం అందుకు ఒప్పుకోదు. ప్రేమ లేదని తెలిసిన చోటే న్యాయం అనివార్యం. ఒక జాతిపై ద్వేషం న్యాయం తప్పడానికి కారణం కారాదని ఖురాన్ అయిదో అధ్యాయం ఎనిమిదో వాక్యం ఆదేశించడంలోని అంతరార్థమూ ఇదే. ఆ కట్టుబాటు ముస్లిం పాలకులకూ వర్తిస్తుంది. మైనారిటీల విషయంలో పాకిస్తాన్ దానిని ఎన్నోసార్లు విస్మరించింది.

భారత రాజ్యాంగ పీఠిక న్యాయంతో మొదలై సౌభ్రాతృత్వంతో ముగుస్తుంది. సౌభ్రాతృత్వం లేనిదే స్వేచ్ఛా సమానత్వాలు వేళ్లూనలేవని అంబేడ్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. అయితే సౌభ్రాతృత్వాన్ని ఏ ప్రభుత్వమూ ఉత్తర్వుతో పుట్టించలేదు. న్యాయం మాత్రం దాని చేతిలోనే ఉంది. నిందితుడన్న కారణంతో ఇల్లు కూల్చరాదని, కూల్చివేతకు ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 13న స్పష్టం చేసింది. ఎవరినీ ప్రేమించమని అధికారులను కోరలేదు. చట్టాన్ని పాటించమంది. సామరస్యం గురించి ప్రసంగించే నాయకులు ముందు ఆ 15 రోజులకు హామీ ఇవ్వాలి.