మెషీన్ అబద్ధం చెప్తుందా?

2019 ఏప్రిల్ 10న ఎం87 కృష్ణబిలం ఫొటో వచ్చింది, గుర్తుందా? మన సాఫ్టువేరు జనాలంతా "అబ్బ, ఏం అల్గారిథం!" అంటూ ఒకటే ఫార్వర్డులు. అల్గారిథం గొప్పదే, కాదన్ను. కానీ డేటా తీసింది 2017 ఏప్రిల్‌లో. మరి ఈ రెండేళ్లూ ఏం చేశారు? దక్షిణ ధ్రువం నుంచి హార్డుడిస్కులు రావడానికే నెలలు పట్టింది, సరే. ఆ తర్వాత అదే డేటాని మూడు వేర్వేరు పైప్‌లైన్లలో క్యాలిబ్రేట్ చేసి పోల్చుకున్నారు. నాలుగు జట్లు ఒకరి ఫలితం ఒకరికి చెప్పుకోకుండా బొమ్మ తీశాయి. ఈ సంగతి ఎవరూ ఫార్వర్డు చెయ్యలేదు. మన దృష్టిలో అది 'సపోర్టు పని' కదా!

ఆ టెలిస్కోపుల్లో పెద్దన్న చిలీలోని ఆల్మా. 5000 మీటర్ల ఎత్తున, ఎడారిలో 66 యాంటెన్నాలు. అంత పైకి ఎందుకెక్కారంటే, తేమ నుంచి తప్పించుకోడానికి. గాల్లో ఉన్న ఆవిరిని నీరు చేస్తే ఒక్క మిల్లీమీటరు మందమే రావచ్చు. కానీ అదే రేడియో తరంగం దారిని దాదాపు 6.5 మి.మీ. పొడిగిస్తుంది. కృష్ణబిలాన్ని చూసిన తరంగం పొడవే 1.3 మి.మీ.! అంటే ఐదు అలల తేడా. పైగా ఒక్కో యాంటెన్నా మీద ఒక్కోరకం ఆవిరి, క్షణక్షణం మారుతూ.

అందుకే ప్రతి 12 మీటర్ల డిష్షులోనూ 183 గిగాహెర్ట్జ్ దగ్గర ఆవిరిని కొలిచే రేడియోమీటరు పెట్టారు. డిష్షు ఉపరితలంలో హెచ్చుతగ్గులు 25 మైక్రాన్లు దాటకూడదు. పని మొదలెట్టేముందు తెలిసిన క్వాసార్ వైపు తిప్పి గురి సరిచూస్తారు. తర్వాత కూడా కొన్ని నిమిషాలకోసారి అసలు లక్ష్యాన్ని వదిలేసి, పక్కనున్న క్వాసార్‌ని చూసొస్తారు. అంత ఖరీదైన టైములో తెలిసినదాన్నే మళ్లీ మళ్లీ చూడటమా? మన ప్రాజెక్టు మేనేజరైతే మొదటి మీటింగులోనే ఆ లైను కొట్టేసేవాడు.

ఇప్పుడు మా బోనకల్ రండి. ఇక్కడా తేమతోనే తంటా, కాకపోతే పత్తిలో. మద్దతు ధర పూర్తిగా రావాలంటే తేమ 8 శాతం మించకూడదు. ఆపైన ప్రతి శాతానికీ కోత, 12 దాటితే అసలు కొనరు. మా బాబాయి పత్తికి ఒక వ్యాపారి దగ్గర, ఒకే కుప్పలో ఒకేచోట మీటరు రెండుసార్లు పెడితే ఒకసారి 11, ఇంకోసారి 13. దాన్ని ఆఖరుసారి ఎప్పుడు సరిచూశారని అడిగితే "మెషీన్ అబద్ధం చెప్తుందా?" అన్నాడట.

చెప్తుంది బాబూ, శుభ్రంగా చెప్తుంది. చెప్తుందనే కదా ఆల్మా వాళ్లు దాన్ని నిమిషాల లెక్కన నిలదీసేది!

"కృష్ణబిలానికీ పత్తికుప్పకీ పోలికేంటి, అంత కచ్చితత్వం ఇక్కడ దేనికి?" అంటారేమో. మైక్రాన్లు ఎవరూ అడగట్లేదు. 11కీ 13కీ తేడా తెలిస్తే చాలు. ఆ రెండంకెల మధ్యే ఒక రైతు ఏడాది కష్టం ఉంది. కృష్ణబిలం బొమ్మ తప్పయితే ఒక పేపరు వెనక్కి తీసుకుంటారు. ఇక్కడ వెనక్కి పోయేది పత్తి బండి.

ఇలాంటి అంకెలకి యాప్‌లూ, రంగురంగుల డాష్‌బోర్డులూ రాసేది మనమే. సెన్సారు ఏం పంపితే అదే సత్యమని డేటాబేసులోకి తోసేస్తాం. స్క్రీన్ మీదకి ఎక్కాక ఆ అంకెని ఎవడూ ప్రశ్నించడు. కాబట్టి ప్రతి రీడింగు పక్కనా ఆ పరికరాన్ని ఆఖరుసారి సరిచూసిన తేదీ చూపించండి. గడువు దాటితే అంకె చూపించకండి. మీటరు పక్కన తేమ ఎంతో ముందే తెలిసిన నమూనా ఒకటి పెట్టించండి, ముందు దాన్ని రైతు కళ్లముందే కొలవాలి. రైతుకి అదే క్వాసార్!